అత్తగారు ఎగరగొట్టిన రెండు పేజీలు

కళ్ళజోళ్ల కొట్టులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆవిడకు యాభై నాలుగేళ్లు. చెయ్యి ఇప్పటికీ వణకదు. వణికేదల్లా గుండె, అదీ నాటకం మాట ఎత్తితేనే.

చిన్నప్పుడు బడిలో ముసలి వేషమంటే ఆమెదే. గొంతు బొంగురు, అందుకని తోటిపిల్లలు తాతయ్యా అనే పిలిచేవారు. ఎనిమిదో తరగతిలో నాన్న ఆ వేషాలిక చాలన్నాడు. ఆమె సరేనంది. అలా సరేనన్నందుకే నలభై ఏళ్లు మనసులో ముల్లు.

కిందటేడు కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వచ్చిన డ్రాయింగు మాస్టారు, తమ నాటకంలో అత్తగారి పాత్రకు మనిషి దొరకడం లేదని వాపోయాడు. స్క్రూ బిగిస్తూనే ఆమె తాను వేస్తానంది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది.

ఇక మొదలైంది బెంగ. ఇంట్లో మోకాలికి ఫిజియోథెరపీ అని చెప్పి రిహార్సల్స్‌కు వెళ్లేది. నొప్పి తగ్గిందా అని భర్త అడిగినప్పుడల్లా నాలుగడుగులు కుంటేది. అసలు భయం మతిమరుపు. ఈమధ్య కూతురికి ఫోన్ చేసి, ఎందుకు చేసిందో గుర్తురాక పెట్టేస్తోంది. ఇక పన్నెండు పేజీల మాటలు ఎలా గుర్తుంటాయి? మెషీన్ మోతలో వల్లెవేసేది. ఎవరినలా తిడుతున్నావమ్మా అని ఓనరు ఒకరోజు అడిగేశాడు.

ప్రదర్శన రోజున మొదటి రంగం ఎలాగో గట్టెక్కింది. రెండో రంగంలో కోడలు అడిగింది:

"ఎవరొచ్చారత్తయ్యా?"

పక్కింటాయన వచ్చాడని చెప్పాలి. బుర్ర కడిగిన పలకైపోయింది. ఎదురుగా చీకట్లో ఎవరో దగ్గారు. 

"ఎవరూ రాలేదు. నువ్వు పెట్టె సర్దుకో."

అది రెండు పేజీల తర్వాతి మాట. కోడలు తెలివైనది, గబగబా పెట్టె తెరిచింది. నాటకం సాగిపోయింది, జనం చప్పట్లు కొట్టారు.

పక్కింటాయన వేషం వేసేది ఒక ఎలక్ట్రీషియన్. అతనికున్న మాటలన్నీ ఆ రెండు పేజీల్లోనే. తెర వెనక పెట్టుడుమీసంతో అలాగే నిలబడి ఉన్నాడు. ఆమె కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది.

"నోటి దగ్గర కూడు లాగేశాను తమ్ముడూ."

అతను మీసం ఊడబీక్కున్నాడు.

"మా అమ్మ ముందు వరసలో కూచుందక్కా. ఏం చెప్పమంటావు?"

ఆమే వెళ్లి ఆ పెద్దావిడకు తప్పు తనదని చెప్పి, ఆదివారం మళ్లీ ప్రదర్శన ఉంది, రమ్మని బతిమాలింది. పెద్దావిడ ఎగాదిగా చూసి, ఇంటికొచ్చిన మనిషిని రాలేదనడం ఏం మర్యాదని కసిరింది.

ఒక తప్పు ఒప్పుకున్నాక రెండోది దాచబుద్ధి కాలేదు. ఇంటికెళ్లి భర్తకు అంతా చెప్పేసింది. నాటకం సంగతి ఆయనకు పట్టలేదు గానీ, మోకాలి వంకతో మూడు నెలలుగా కూరల సంచీ తనచేత మోయించినందుకు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

ఆదివారం నాటకంలో కోడలు మళ్లీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి మాట సరిగ్గా వేళకు వచ్చింది. ఎలక్ట్రీషియన్ లోపలికొచ్చి తన మాటలన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్పేశాడు. ముందు వరసలో వాళ్లమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టింది. వేదిక మీద ఆమె మాత్రం తర్వాతి మాట కోసం లోలోపల తడుముకుంటూనే, అత్తగారిలా కళ్ళెర్రజేసి కోడలివైపు తిరిగింది.