ధనాను తీసుకుపోయింది ఆట కాదు

ఫోను మోగితే చాలు, నాకు గుండె దడ. ఎవరికో ఏదో అయిందనుకుంటూనే ఎత్తుతాను.

ఇన్నేళ్లలో ఎప్పుడూ నిజం కాలేదు.

నిన్న పొద్దున అయింది.

"అక్కా, ధనా లేడు." మా చెల్లెలి గొంతు. ఆ తరువాత అంతా ఏడుపే.

ధనా అంటే మా చెల్లెలి కొడుకు, వి. ధనంజయ. ముప్పై ఆరేళ్లు. ఇందిరా నగర్‌లో ఇల్లు, ఆఫీసులో క్లర్కు పని. స్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. స్క్రీన్ మీద గేమ్ నడుస్తూనే ఉందట.

నాకు ఆ చివరి మాటే చెవిలో పడింది.

మురుంగపాక్కంలో మా ఇంటి నుంచి బయలుదేరక ముందే నాలుగు ఇళ్లకు ఫోన్ చేశాను. నలుగురికీ ఒకటే చెప్పాను. "ఆ గేమే మా వాణ్ణి మింగేసింది."

సాయంత్రానికి అందరి నోటా అదే మాట.

ధనాతో గేమ్స్ ఆడే ఫ్రెండ్స్ ముగ్గురు వచ్చారు. సెల్వం, ఇంకా ఇద్దరు. మన వాళ్లలో ఒకాయన గేటు దగ్గరే ఆపేశాడు. "మీ ఆటతోనే కదా పోయినాడు, ఇంకెందుకు వచ్చినారు?" అన్నాడు.

వాళ్లు ఎదురు షాపు షట్టర్ పక్కన నిలబడిపోయారు. పాడె పట్టనివ్వలేదు.

నేను చూశాను. నోరు తెరవలేదు.

అందుకే ఈ పోస్ట్. నేను చెబుతుంటే కోడలు టైప్ చేస్తోంది. నేను చదివింది ఐదో క్లాసు, అదీ అరవంలో. తెలుగు మాట్లాడతాను గాని రాయలేను. మన వాళ్లలో చదవడం రానివాళ్లకు ఎవరైనా చదివి వినిపించండి.

నేను చెప్పింది తప్పు.

రెండేళ్ల కిందట కూడా ఇలాగే భయపడ్డాను. అరవం పేపర్లో ఒక న్యూస్ వచ్చింది. కొత్తగా ఒక వీడియో గేమ్ వచ్చిందని, అందులో మనుషులను నరికితే మార్కులు వేస్తారని, ఆడినవాళ్లకు పిచ్చి పడుతోందని. పక్కన ఫోటో. చేతిలో కత్తి పట్టుకున్న మనిషి.

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. పేపర్ మడిచి సంచిలో పెట్టుకుని టెంపో ఎక్కి ఇందిరా నగర్ పోయాను.

"ఆ పెట్టె అమ్మేయరా సామీ, నీ కాళ్లు పట్టుకుంటా."

ధనా నవ్వలేదు. మంచినీళ్లు ఇచ్చాడు. "పెద్దమ్మా, ఈ గేమ్ ఇంకా రానే లేదు. వచ్చే ఏడాది వస్తాది. ఎవురూ ఆడని ఆటకి పిచ్చి ఎవురికి పట్టినాదంట?"

"పేపర్లో ఏసినారు కదరా."

"ఫోటో కూడా దీంది కాదు. వేరే గేమ్‌ది. చూడు."

కంప్యూటర్‌లో అదే బొమ్మ పెద్దదిగా చూపించాడు. మడిలో వంగినవాణ్ణి, పిడికిట్లో పట్టిన దుబ్బును చూడగానే తెలిసిపోయింది. నేను పుట్టింది సేద్యం చేసే ఇంట్లో.

"ఇది వరి కోత కదరా. చేతిలో ఉండేది కొడవలి."

"ఆ పేపరాయన్ని నీ దగ్గిరికి ట్రైనింగ్‌కి పంపాల పెద్దమ్మా," అన్నాడు. అప్పుడు నవ్వాడు.

ఆ ఆదివారం ఫ్రెండ్స్ నలుగురూ కూర్చుని పేపర్‌కు లెటర్ రాశారు. నేను పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ విన్నాను. సెల్వానికి కోపం ఎక్కువ. "వీళ్లకి బుద్ధుందా అని రాయి బ్రో," అన్నాడు. ధనా రాయలేదు.

"తిట్టొద్దురా. తప్పు యాడుందో అది చెప్పితే చాలు."

"గేమ్ మంచిదే అని అయినా రాయి."

"మంచిదని నీకెట్ల తెలుసు? నువ్వు మాత్రం ఆడినావా? తెలీదని రాస్తాం."

పేపర్ వాళ్లు వేయలేదు. మళ్లీ రాశారు. మూడోసారి రాస్తే వేశారు, లోపలి పేజీలో ఒక మూల, నాలుగు లైన్లు. అది చూపించడానికి బండి మీద మా ఇంటి దాకా వచ్చాడు. "ఇంతేనా?" అన్నాను. "ఇంతైనా ఏసినారు కదా పెద్దమ్మా," అన్నాడు.

తరువాత ఆ గేమ్ వచ్చింది. రెండు రోజులు ఆడి, "దీనికోసరమా మేం అంత కొట్లాడింది, చప్పగా ఉండాది," అన్నాడు.

ఇప్పుడు నా నాలుగు లైన్లు.

ధనా పోయింది గుండె జబ్బుతో. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరంతో గుండెలో వాల్వ్ దెబ్బతిన్నది. ఏడాదిగా అది ముదిరింది. వచ్చే నెల ఆపరేషన్ ఉండింది. డాక్టర్ రాసిచ్చిన కాగితం మా చెల్లెలి దగ్గర ఉంది, కావాలంటే చూడండి.

నాకు ఇవేవీ తెలియవు. "పెద్దమ్మకు చెప్పొద్దు, నిద్ర పోదు," అన్నాడట. నిన్న రాత్రి మా చెల్లెలు చెప్పింది.

ఆపరేషన్ ముందే చేయించి ఉంటే బతికేవాడా అంటే, నాకు తెలియదు.

గేమ్ చంపలేదు. ఫ్రెండ్స్ చంపలేదు. ఏమీ తెలియకుండా ఆ మాట పుట్టించింది నేను. నాలుగు ఇళ్లకూ పొద్దున మళ్లీ ఫోన్ చేశాను. ఇద్దరు నమ్మారు. ఇద్దరు "నువ్వే కదా చెప్పినావు" అన్నారు. సాయంత్రం ఇంకోసారి చేస్తాను. ఓపిక లేదు, అయినా చేస్తాను.

సెల్వం, నీకు తెలుగు చదవడం రాదు. కోడలు నీకు అరవంలో మెసేజ్ పెడుతుంది. రేపు పొద్దున శ్మశానంలో పాలు పోస్తారు. ముగ్గురూ రండి నాయనా. ముందు ఇంటికి రండి. గేటు దగ్గర నేనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎవరైనా ఏదైనా అంటే నన్ను అంటారు. వాడికి మీ చేతి పాలు అందాలి.

ధనా, నీకింత బాధ ఉందని తెలియక నా భయాలన్నీ నీకే చెప్పుకున్నాను.

పోయిరా నాయనా. నొప్పి లేకుండా, నెమ్మదిగా ఉండు.