తాళాల టీచరు పెట్టిన పరీక్ష

ఆ బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు తాళాల టీచరు. ఎవరైనా పాస్‌వర్డు పైకి చదివితే చాలు, ఇంతెత్తున లేచేది. "ఇంటి తాళంచెవి దారినపోయేవాడి చేతిలో పెడతారట్రా?" అని దులిపేసేది. కోపం ముక్కు మీదే ఉండేది గానీ, అంత ఓపిగ్గా పాఠం చెప్పేవాళ్లు అక్కడ ఇంకొకరు లేరు.

ఏటా ఆవిడ ఒక పరీక్ష పెట్టేది. ఇంటర్నెట్‌లో తన గురించి ఏం దొరుకుతుందో వెతికి తేవాలి. ఏటా పిల్లలు చేతులూపుకుంటూ వచ్చేవారు. ఆవిడ లోలోపల తెగ మురిసిపోయేది.

ఈసారి మాత్రం నోట్లో నాలుక లేని ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మీ పాప ఈత క్లాసు అయ్యాక నీలం గేటు దగ్గర ఒక్కతే నిలబడుతుంది టీచర్. ఇంట్లో బుజ్జులు అంటారు. ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవరి వెంటైనా వెళ్లిపోతుందేమోనని భయమేసింది."

అదంతా ఆ అమ్మాయికి దొరికింది టీచరు అత్తగారు ఇంటర్నెట్‌లో పెట్టిన ఫోటోల్లో. 'నా కోసం ఎదురుచూస్తున్న బంగారం' అని రాసి, రోజూ ఆ గేటు దగ్గరి ఫోటో ఊరందరికీ చూపించేది.

ఇంకొకరైతే పిల్లను కూర్చోబెట్టి పాఠం మార్చేసేవారు. ఈవిడ మొహం పాలిపోయినా, నిండుగా మార్కులు వేసింది.

"సాయంత్రం మా ఇంటికి రా తల్లీ. నేను చెబితే కోడలి సాధింపు అనుకుంటారు. నువ్వే చెప్పు."

ఆ సాయంత్రం పెద్దావిడ ముందు గయ్యిమంది. "నా మనవరాలి ఫోటో నేను పెట్టుకుంటే ఎవరికేం నొప్పి?"

"నేను పాపని ఎప్పుడూ చూడలేదు బామ్మగారూ," అంది అమ్మాయి. "కానీ రేపు సాయంత్రం ఎక్కడుంటుందో చెప్పగలను."

పెద్దావిడ గబగబా ఫోను అందుకుంది. "అన్నీ తీసెయ్యి అమ్మాయ్," అంటూ ఫోను కోడలికి ఇచ్చేసింది.

"ఉండండి అత్తయ్యా, ముందు పాపని అడుగుదాం," అంది టీచరు. అడక్కుండా ఎవరి ఫోటో పెట్టకూడదని క్లాసులో గొంతు పోయేలా చెప్పిన మనిషి మరి.

పాప తల్లి ఒళ్లో కూర్చుని ఒక్కొక్క ఫోటో జరుపుతూ ఒకచోట ఆగిపోయింది. అందులో తను నీళ్లకు భయపడి, ముక్కు కారుతూ ఏడుస్తోంది. కింద చుట్టాలందరి నవ్వులు.

"ఇది వద్దని అప్పుడే చెప్పా కదా నానమ్మా. అమ్మకీ చెప్పా. అమ్మ కూడా నవ్వింది."

టీచరుకు గుండె కలుక్కుమంది. "తప్పు నాదే బుజ్జులూ," అంటూ ఫోను పాప చేతిలో పెట్టి, ఆ ఫోటో ఎలా తీసెయ్యాలో మొట్టమొదటిసారి తన సొంత కూతురికి నేర్పింది.