అన్నీ తప్పు చెప్పిన మంగాయమ్మ గారు

1997లో నన్ను నరసాపురం దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నేత్ర సహాయకుడిగా వేశారు. ఊరూరా శిబిరాలు పెట్టి, శుక్లాలున్న పెద్దవాళ్ళను పరీక్షించి, ఆపరేషనుకు రాజమండ్రి పంపడం నా పని. తీసుకెళ్ళి తీసుకొచ్చే వ్యాను ఉచితం. అయితే అందులో రోగికే చోటు, తోడు వచ్చేవాళ్ళకు లేదు. ఆ నియమం రాసిన మహానుభావుడు వాళ్ళమ్మను ఏనాడూ ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉండడు.

ఒక శిబిరానికి తోటికోడళ్ళిద్దరు వచ్చారు. ఊళ్ళో వాళ్ళను ఉప్పూ నిప్పూ అనేవారు. పెద్దావిడ అచ్చాయమ్మ గారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఇంకా ఆలస్యమైతే చూపు దక్కదు. చిన్నావిడ మంగాయమ్మ గారు తనకూ కనబడడం లేదన్నారు.

చదువు రానివాళ్ళకు ఇంగ్లీషు 'ఈ' అక్షరాన్ని నాలుగు వైపులా తిప్పి వేసిన చార్టు చూపిస్తాం. దాని కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపాలి. కాళ్ళు పైకుంటే మంగాయమ్మ గారు కిందికి చూపారు. కుడికుంటే ఎడమకి. చీమతలకాయంత అక్షరాల వరుసలోనూ అంతే. నిజంగా కనబడనివాళ్ళు గుడ్డెద్దు చేలో పడ్డట్టు చెబుతారు, అందులో ఒకటో రెండో కలుస్తాయి.

"అన్నీ తప్పు చెప్పారంటే మీకు అన్నీ కనబడుతున్నాయండి" అన్నాను.

ఆవిడ తొణకలేదు. "అయితే మా అక్క కూడా రాదు బాబూ" అన్నారు.

వ్యాను మెట్టు మీద కాలు పెట్టిన అచ్చాయమ్మ గారు ఆ కాలు తీసేశారు. "అది రాకపోతే అక్కడ నేనెవర్ని తిట్టుకోనండీ? నేనెళ్ళను."

నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. అనుమానమున్న కేసును పెద్ద డాక్టరుకు చూపడానికి వ్యానులో పంపవచ్చని మా నియమాల్లోనే ఉంది. మంగాయమ్మ గారి కళ్ళ మీద నాకు అనుమానం లేదు, మనిషి మీద బోలెడంత ఉంది. దేని మీద ఉండాలో నియమంలో రాయలేదు. ఇద్దరినీ ఎక్కించాను.

మర్నాడు సర్జన్ గారు ఫోను చేసి, ఈవిడకు ఏమైందని పంపావయ్యా అని అడిగారు. పరీక్షలో ఒక్కటీ సరిగ్గా చెప్పలేదండి అన్నాను. అచ్చాయమ్మ గారు మాత్రం కట్టు విప్పగానే, ఆ చీరకున్న మాసిక ఏంటని తోటికోడల్ని తిట్టారట. ఆపరేషను బాగా జరిగినట్టే.

మరుసటి ఏడు రెండో కంటికి ఇద్దరూ మళ్ళీ వచ్చారు. మంగాయమ్మ గారు ఈసారి కొన్ని సరిగ్గా, కొన్ని తప్పుగా చూపించి, చెయ్యి దించారు.

"ఇప్పుడు అనుమానం వచ్చిందా బాబూ?"

వచ్చిందన్నాను. ఆ తరువాత ఏ ఊళ్ళో శిబిరం పెట్టినా, "మీకు తోడెవరండీ?" అని అడిగాకే చార్టు గోడకు తగిలించేవాణ్ణి.