కొబ్బరి ముక్క మీద పడని నింద

ఆ సంచిక వేసినవారికి ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది మామూలు పోస్టులో వేశాను. రెండోది రిజిస్టరు చేశాను. మూడోది నేనే అమలాపురం వెళ్ళి సంపాదకుడిగారి చేతిలో పెట్టి వచ్చాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "చూస్తామండీ, ఆయ్, తప్పకుండా చూస్తాం" అన్నారు. చూడలేదు. మా బావగారు, అంటే మా అక్క భర్త, పోయి ఏడాది తిరిగిన సందర్భంలో ఆయన శిష్యులూ స్నేహితులూ కలిసి వేసిన సంస్మరణ సంచిక అది. నున్నటి కాగితం, అట్ట మీద పైపు నోట్లో పెట్టుకున్న ఆయన ఫోటో. లోపల ఆయన స్నేహితుడు డాక్టరుగారు రాసిన వ్యాసంలో ఒక వాక్యం ఉంది: "ఒక దగ్గరి బంధువు చుట్ట తాగే చెయ్యి పెట్టడంతో ఆ అపురూపమైన పొగాకు కాస్తా పాడైపోయింది." పేరు రాయలేదు. అదే మర్యాద అనుకున్నారు కాబోలు. మా బావగారి దగ్గరి బంధువుల్లో చుట్ట తాగేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వాక్యం చదివిన వాళ్ళంతా నన్ను చూసి నవ్వుతున్నారు. కొత్తపేట బస్టాండులో ఒకాయన "ఏవండీ, చెయ్యి కడుక్కున్నారా?" అని కూడా అడిగాడు.

నా చదువు తక్కువే, ఒప్పుకుంటాను. కాని ముప్పై ఏళ్ళు పొగాకు వాసన చూసి అన్నం తిన్నవాణ్ణి. గోదావరి లంకల్లో పండే చుట్ట పొగాకు కొనే ఒక షావుకారు దగ్గర ఆకు చూసి మంచిచెడ్డలు తేల్చడం నా పని. దానికి ఒక పద్ధతుంది. ఆకుని పగటి వెలుతురులోనే చూడాలి. ముందు ఈనె విరిచి చప్పుడు వినాలి. తరవాత చిటికెడు తుంచి అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలపాలి. చేతి వేడి తగిలాక అప్పుడు ముక్కు దగ్గర పెట్టుకోవాలి. బెల్లం నీళ్ళు చల్లి మాగబెట్టిన ఆకు ఎంత పనికిమాలినదైనా పైపైన తియ్యగానే ఉంటుంది. పై వాసన అబద్ధమాడుతుంది. నలిపిన వాసన ఆడదు. నేను కాదన్న ఆకుని షావుకారు పడవ ఎక్కించనిచ్చేవాడు కాదు. "ఆయన ముక్కు కాదందండీ, ఇంక నేనేం చెయ్యను?" అని రైతుకి చేతులు జోడించేవాడు. పడవల రేవులో అంత విలువున్న ముక్కుకి మా అక్కగారి వసారాలో విలువ లేకపోయింది.

బావగారు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ రోజు శిష్యులు ఒక పైపు బహూకరించారు. అంతవరకు సిగరెట్టు తాగే మనిషి, ఆ మర్నాటి నుంచి పైపు మనిషైపోయారు. పైపు వెలిగి ఉన్న సేపు కంటే అగ్గిపుల్ల వెలిగి ఉన్న సేపే ఎక్కువ. మస్కట్‌లో ఉద్యోగం చేసే వాళ్ళబ్బాయి, నా మేనల్లుడు, సెలవుకి వచ్చినప్పుడల్లా ఒక డబ్బా పట్టుకొచ్చేవాడు. డబ్బా వచ్చిన ఆదివారం సాయంత్రం వసారాలో కొలువు. డాక్టరుగారూ, ఒక ప్లీడరుగారూ పేము కుర్చీల్లో. నేను చివర స్టూలు మీద. ఖాళీ కుర్చీ ఉన్నా నాకు స్టూలే. పోనీ, ఆ సంగతి వదిలేద్దాం, వదలడం నా వల్ల కాదు గాని. పద్ధతేమిటంటే, కొత్త డబ్బా అందరి ముందూ తెరవాలి, ఒక్కొక్కరూ వాసన చూసి, పైపు రెండు దమ్ములు లాగి, ఒక్క మాటలో తీర్పు చెప్పాలి. బావగారు గళ్ళ నోటుపుస్తకంలో ఎడమవైపు మనిషి పేరు, కుడివైపు మాట రాసుకునేవారు. తీర్పుల పుస్తకం అని దానికి పేరు. నేను ఎన్నో ఆదివారాలు చెప్పాను. ఒక్కసారీ నా పేరు అందులో ఎక్కలేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన కలం మూత పెట్టేసేవారు.

తుఫానుకి కోనసీమ కొబ్బరి తోటలన్నీ నేలమట్టమైన మరుసటి ఏడాది ఆ డబ్బా వచ్చింది. గుండ్రటి రేకు డబ్బా, మూత మీద ఓడ బొమ్మ. మూత అంచున రూపాయి బిళ్ళ పెట్టి తిప్పితే బుస్సుమని తెరుచుకుంది. వంటింట్లో ఉన్న అక్క కూడా తొంగిచూసి, "పాయసం కాస్తున్నారా ఏంటండీ?" అంది. నిజంగా అలాగే ఉంది. కాచిన పాలు, ఏలకులు, ఐస్‌క్రీము బండి, అన్నీ కలిసిన వాసన. సన్నగా తరిగిన పొగాకు, కొంత తేనె రంగు, కొంత నలుపు. డాక్టరుగారు మూత దగ్గరే ముక్కు పెట్టి "దివ్యం!" అన్నారు. ప్లీడరుగారు "మృదువు" అన్నారు. రెండూ పుస్తకంలోకి ఎక్కాయి.

నేను నా పద్ధతి ప్రకారం చిటికెడు తీసి అరచేతిలో నలిపాను. పాయసం వాసన వెనక్కి పోయింది. దాని కింద పల్చటి ఆకు, సారం తక్కువ. పైపు నా చేతికి వచ్చాక నెమ్మదిగా రెండు దమ్ములు లాగాను. గొంతు పట్టుకోలేదు, ఆ మాటకొస్తే నాలిక్కీ ఏమీ చెప్పలేదు. తాగేవాడి కంటే ఎదురుగా కూర్చున్నవాడికే ఎక్కువ సుఖం. తడి ఎక్కువై పైపు గురగురమంది.

"బావగారూ, ఇది పక్కింటి వాళ్ళ కోసం చేసిన పొగాకండీ" అన్నాను. "వాసన వాళ్ళకి, పుల్లల ఖర్చు మీకు. ఆకు మాత్రం తేలిక జాతి, చెడ్డదేం కాదు. బాగా తడిగా ఉంది. పూటంతా నీడన ఆరనిచ్చి, గట్టిగా మూతపెట్టి, మెల్లిగా కాల్చుకోండి. బాగుంటుంది."

బావగారు నవ్వారు. "ఏం బావా, రెండు దమ్ములకే ఉపన్యాసం ఇచ్చేసేవు! ఒక్క మాట చెప్పమంటే?"

"చుట్ట మనిషండీ ఆయన" అన్నారు డాక్టరుగారు. "ఆవకాయ తినే నోటికి పనసతొన రుచేం తెలుస్తుంది? ఆరబెట్టకండి మాస్టారూ, అసలు సారం తడిలోనే ఉంది. తడి ఆరకుండా దొరలు డబ్బాలో ఆపిల్ ముక్క వేస్తారు. మనకి ఆపిలెందుకు, బంగారంలాంటి కొబ్బరుండగా! పచ్చి కొబ్బరి ముక్క ఒకటి పడేయండి."

నాకు ఒళ్ళు మండింది. కొబ్బరిలో నూనె ఉంటుంది, మూతపెడితే నాలుగు రోజుల్లో ముక్కిపోతుంది, పొగాకు ఆ వాసనంతా పీల్చేస్తుంది. ఇదంతా చెప్పాను. డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి, "కోనసీమలో పుట్టి కొబ్బరిని అనుమానిస్తున్నారండీ ఈయన!" అన్నారు. అందరూ విరగబడి నవ్వారు. అక్క కొబ్బరి చిప్ప తెచ్చింది. ఆ ఏడు కొబ్బరికాయ దొరకడమే గగనం. దేవుడికి కొట్టిన కాయలోంచి ముక్క కోసి బావగారు తమ చేతులతో డబ్బాలో వేశారు. నా మాట రాయకుండానే పుస్తకం మూశారు.

మూడో ఆదివారం డబ్బా తెరిచారు. తెల్లటి బూజు పట్టింది, ముక్కిన నూనె కంపు. డాక్టరుగారు వంగి చూసి, రెండు వేళ్ళతో కొబ్బరి ముక్కని తీసి వసారా పక్కనున్న అరటి పాదులోకి విసిరేశారు. తరవాత నా కుడి చేతి వంక చూశారు. "మీ బావమరిదిగారు ఆ వేళ చెయ్యి పెట్టి నలిపేరు కదండీ. లంక పొగాకు చెయ్యి. ఇంకేముంది." సాక్ష్యం అరటి పాదులో పడి ఉండగా ముద్దాయిని స్టూలు మీద తేల్చేశారు. కోనసీమలో బోనెక్కించలేని వస్తువు కొబ్బరి ఒక్కటే.

"అది కొబ్బరి చేసిన పనండీ!" అని అరిచాను. బావగారు నా ముఖంలోకి చూడకుండా, "పోన్లే బావా, అయిందేదో అయింది. ఇంకెప్పుడూ చెయ్యి పెట్టకు" అన్నారు. క్షమించినట్టు అన్నారు! నేను లేచి చెప్పులేసుకున్నాను. అక్క వీధి గుమ్మం దాకా వచ్చి, "ఒరేయ్ తమ్ముడూ, పొగకి కూడా పౌరుషమేంట్రా?" అంది. పొగకి కాదు, ముక్కుకి అన్నాను. ఆ తరవాత ఏళ్ళ తరబడి ఆ ఇంటికి పెళ్ళికి వెళ్ళాను, పురుడికి వెళ్ళాను, పెరటి గుమ్మంలోంచి వెళ్ళాను. వసారాలో కూర్చోలేదు.

చాలా కాలానికి, బావగారికి ఒంట్లో బాగోలేదని తెలిసిన రోజుల్లో, మేనల్లుడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో అదే ఓడ బొమ్మ డబ్బా, సీలు కూడా తియ్యలేదు. "మావయ్యా, నాన్నగారు ఈ డబ్బా మీరే తెరవాలన్నారు. మీరు నలిపి చూసి ఎలాగుందో చెబితే వచ్చి రాసుకోమన్నారు. ఆయన్ని పొగ మానెయ్యమన్నారు కదా, వాసనైనా మీ మాటలో వింటానన్నారు."

నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. డబ్బా ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, "నా చెయ్యి తగిలితే పాడైపోతుందట కదరా. మీ డాక్టరుగారి చేత తెరిపించుకోమను" అన్నాను. వాడు డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఇంకో మాట వస్తుందని చూశాను. ఈసారి ఆయనే కబురు పెడతారు, కుర్చీ వేసి పిలుస్తారు, అప్పుడు వెళ్దాం అనుకున్నాను. నెల తిరక్కుండా వేరే కబురు వచ్చింది.

సంచికలో ఆ వాక్యం చదివాక అక్క దగ్గరికి వెళ్ళి తీర్పుల పుస్తకం అడిగాను. "వ్యాసం కోసమని డాక్టరుగారు పట్టుకెళ్ళేరు, నెల రోజులుంచుకుని మొన్ననే పంపేరు" అని తెచ్చి ఇచ్చింది. వసారాలోనే నిలబడి తిరగేశాను. ఆయన చక్కటి అక్షరాలు. చివరికొచ్చేసరికి వణికాయి. ఆఖరి పేజీలో పైన "ఓడ బొమ్మ డబ్బా, రెండోది" అని ఉంది. దాని కింద రెండు ముక్కలు: "మొదటిదాన్ని పాడు చేసింది కొబ్బరి. బావ ముందే చెప్పాడు." ఆ కింద ఎడమవైపు నా పేరు. జీవితంలో మొదటిసారి, పూర్తి పేరు, చివర గారు కూడా. కుడివైపు ఖాళీ.

డాక్టరుగారూ, నా మూడు ఉత్తరాలూ సంపాదకుడిగారి దగ్గర ఉన్నాయి, ఇది నాలుగోది, మీకే. ఆ పుస్తకం మీ ఇంట్లో నెల రోజులుంది. మొదటి పేజీల్లోంచి మీ "దివ్యం" ఎత్తి వ్యాసంలో వేసుకున్నారు. ఆఖరి పేజీ చూశారా, లేదా? చూడకపోతే చూడలేదని చెప్పండి, నమ్ముతాను. చూసి కూడా ఆ వాక్యం రాసి ఉంటే, ఎందుకు రాశారో చెప్పండి. ఆకు మాగాలంటే కొంత కాలం పట్టాలి, ఆ కాలం దాటితే బూజు పడుతుంది, మాట కూడా అంతే. నేను దాటబెట్టి ఒక మనిషిని పోగొట్టుకున్నాను. మీరు ఈ ఆదివారంలోపు జవాబు చెప్పండి. సాయంత్రం ఆ వసారాలోనే ఉంటాను, కుర్చీలో.