మరోదా బస్తీ ముందు ఆగని బండి

ఈమధ్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భిలాయిలో మా చర్చి బయట టీ తాగుతూ ఒక కుర్రాడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, నలుగురిలో హిందీలో అన్నాడు: "మన బస్తీకి స్టాప్ ఎందుకు లేదో తెలుసా అంకుల్? అప్పట్లో మన ఆడవాళ్ళే మనా కర్ దియా. వద్దన్నారంట." అందరూ నవ్వారు. తెలుగువాళ్ళ తెలివి ఇంతేనని ఒకాయన తల కూడా ఊపాడు.

నాకు ఒళ్ళు మండింది. అది పచ్చి అబద్ధం. ఆ మాట పుట్టిన చోట ఆ రోజు నేనున్నాను.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. రాయపూర్‌కి రాజధాని హోదా వచ్చింది, ప్రతి ఆఫీసులోనూ ఏదో ఒక మ్యాపు గోడెక్కింది. దుర్గ్ నుంచి సుపేలా మీదుగా భిలాయి-3 దాకా ట్రామ్ వెయ్యాలని ఒక ఆలోచన. కలకత్తాలోలాగా రోడ్డు మీదే పట్టాలు. దాన్నుంచి మరోదా వైపు ఒక కొమ్మ. ప్లాను గీయడానికి పైనుంచి ఒక కంపెనీ వచ్చింది. వాళ్ళ పెద్ద ఇంజనీరు కొరియా దేశంలో ఏదో ఊరికి గీస్తున్న ట్రామ్ ప్లాను చూసొచ్చాడట, దాన్నే ముందు పెట్టుకుని మా ఊరిని కొలిచేవాడు. ఆ లెక్కలో ఇంటికి ఒక్క మగాడు పొద్దున్న ఉద్యోగానికి వెళ్తాడు, సాయంత్రం తిరిగొస్తాడు. మిగతా ఎవరూ కదలరు. నేను వాళ్ళ దగ్గర సర్వే అసిస్టెంటుని. తెలుగూ హిందీ రెండూ వచ్చునని తీసుకున్నారు.

మా పిన్నీ బాబాయీ మరోదా బస్తీలో ఉండేవారు. బాబాయి భిలాయి స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ మనిషి. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, బస్తీలో రెండు గదులు వేసుకున్నాడు. విజయనగరం నుంచి నన్ను తెచ్చి, ఆ క్వార్టర్లోనే ఉంచుకుని చదివించింది వాళ్ళే. రిటైరయ్యాక ఇల్లు గడవక పిన్ని ప్లాంటు కాలనీ సెక్టార్లలో ఆఫీసర్ల ఇళ్ళల్లో వంట చేసేది. తెల్లవారకముందే నడిచి వెళ్ళేది. వీధిలో సగంమంది ఆడవాళ్ళు అలాగే వెళ్ళేవారు. కానీ స్టీల్ ప్లాంటులో పర్మనెంట్ ఉద్యోగం చేసినవాడి భార్య ఇంకొకరి వంటింట్లో ఉందంటే తలవంపులు. అందుకని బాబాయి "ప్రార్థనకెళ్ళింది" అనేవాడు. వీధిలో మగవాళ్ళందరిదీ అదే మాట. ఎవరూ ఎవరినీ తప్పుపట్టేవారు కాదు. రోజూ తెల్లవారుజామున అన్ని ప్రార్థనలు జరిగే బస్తీ భూమ్మీద ఇంకోటి ఉండదు.

స్టాపులు ఎక్కడ పెట్టాలో అడగడానికి చర్చి పక్క షెడ్డులో మీటింగు పెట్టారు. ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. ఇంజనీరు హిందీలో అడిగాడు, నేను తెలుగులో చెప్పాను: ఇక్కడి ఆడవాళ్ళు రోజూ ఎటైనా వెళ్తారా?

బాబాయి లేచాడు. "మా ఆడోళ్ళు ఎక్కడికీ ఎల్లరు. ఆదివారం సర్చికి వొస్తారు, అంతే."

మగవాళ్ళు తలలూపారు. నేను అది హిందీలో చెప్పాను. అప్పుడు వెనక నుంచి పిన్ని లేచింది.

"ఎల్లకేటి? రోజూ సెక్టార్ల దాకా నడిసే ఎల్తన్నాం, నడిసే వొస్తన్నాం. ఎండాకాలం దారిలో కూలబడిపోతన్నాం. నా మోకాళ్ళు అప్పుడే పోయాయి. ఆ బండేదో బస్తీ ముందు ఆపమని సెప్పు బాబూ. ఇంకేటీ అక్కర్లేదు మాకు."

మగవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. బాబాయి నావైపు చూశాడు. బతిమాలుతున్న చూపు అది.

"మాతాజీ క్యా కహ్ రహీ హైఁ?" ఆవిడేమంటోందని అడిగాడు ఇంజనీరు.

"నడక అలవాటే సార్, ఇబ్బందేమీ లేదంటున్నారు" అని హిందీలో చెప్పేశాను.

ఆయన మ్యాపు మీద బస్తీ ముందు స్టాపుకని పెట్టిన చుక్క కొట్టేసి, దూరంగా సెక్టారు మలుపు దగ్గర ఇంకో చుక్క పెట్టాడు. ఆ మనిషి మీద నాకిప్పటికీ కోపమే. ఒక ఆడమనిషి చేతులు తిప్పుతూ అంతసేపు మాట్లాడితే నేను ఒక్క ముక్కలో తేల్చేశాను. ఇంకేమందని అడగాలని ఆయనకి తోచలేదు.

ట్రామ్ రాలేదు. ఆ తర్వాత బస్సులొచ్చాయి. కొత్తగా ఎవరినీ అడగకుండా ఆ పాత చుక్కల్లోనే స్టాపులు పెట్టారు. బస్సు ఇప్పటికీ బస్తీ ముందు నుంచే పోతుంది, ఆగదు. చెయ్యెత్తితే డ్రైవరు "స్టాప్ నహీఁ హై" అని వెళ్ళిపోతాడు. పిన్ని ఆ మలుపు దాకా నడవలేక ఒక్కో ఇల్లూ మానేసింది. చివరికి చర్చికి కూడా ఎవరైనా స్కూటరు మీద తీసుకెళ్ళాలి.

ఆ కుర్రాడి మాట విన్నాక తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్ళాను. బాబాయి పోయి చాన్నాళ్ళయింది. ఆయన పరువు పిచ్చి వల్లే ఇదంతా అని దారంతా తిట్టుకుంటూనే వెళ్ళాను.

"పిన్నీ, ఆ మీటింగులో నువ్వన్నది నేను చెప్పలేదు. తిప్పేశాను."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు సెప్పాలేటి? వంటకెళ్ళిన ఇళ్ళల్లో ఆ దీదీలతో నాను తెలుగులో మాటాడేదాన్ననుకున్నావా? నీకంటే బాగా వొచ్చు నాకు హిందీ."

"మరి నువ్వే హిందీలో చెప్పెయ్యాల్సింది కదా" అన్నాను.

"సెప్తే, ఈవిడికి ఇంత హిందీ ఎక్కడొచ్చిందని ఆ ఇంజనీరు అడగడేటి? ఎవరి వంటింట్లోనో అందరి ముందూ సెప్పాల. మీ బాబాయి ఆ షెడ్డు లోంచి లెగిసేవోడు కాదు. మనోడు నిలబడ్డాడు, వోడు సెప్తాడులే అనుకున్నాను." మోకాలు రుద్దుకుంది. "ఆయన్ని తిట్టకు. ఆయన సూసాడంతే. నువ్వు సెప్పినావు."

"వచ్చే ఆదివారం చర్చిలో అందరికీ చెప్తాను."

"సెప్పు. హిందీలో సెప్పు, కుర్రగుంటలకి తెలుగు అర్థమవదు."

చెప్పాను. ఆ కుర్రాడు తల దించుకున్నాడు. బయటికొచ్చాక అడిగాడు: "అయితే స్టాప్ కోసం మళ్ళీ అడగొచ్చు కదా అంకుల్? ఆఫీసుకి మీరు వస్తారా మాట్లాడ్డానికి?"

నేను రానన్నాను. స్కూటరు మీద పిన్నిని తీసుకెళ్ళమన్నాను.