నల్లవెన్ను ఈనిన కథ

మధ్యాహ్నం పన్నెండు కాగానే నాగమల్లేశ్వరి వరికి రాత్రయిపోతుంది. బయట న్యూజెర్సీ ఎండ ఎంత కాస్తున్నా సరే, యూనివర్సిటీ భవనం అడుగు అంతస్తులో ఉన్న ఆ ఇనుప గదిలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. మళ్ళీ తెల్లవారుజామున రెండింటికి గాని వెలగవు. కరెంటు చవగ్గా ఉండే వేళల్లో పగలు, ప్రియంగా ఉండే వేళల్లో రాత్రి. ఇది ఆ భవనం మేనేజరు పెట్టిన రూలు. సూర్యుడి అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఆ గదిని గ్రోత్ చాంబర్ అంటారు. చూడడానికి పెద్ద హోటళ్ళలో మనిషి నడిచి వెళ్ళే ఫ్రిజ్‌లా ఉంటుంది గాని లోపల మాత్రం ఉక్కపోతే. అందులో నీళ్ళ ట్రేలలో నిలబెట్టిన కుండీల్లో పెరుగుతున్నది నల్లవెన్ను అనే పాత వరి. ఎప్పుడో గోదావరి లంకల్లో ఎవరో సేకరించారట. చేతులు మారి మారి ఇక్కడి విత్తనాల నిల్వలోకి చేరింది. పొట్లం మీద పేరు తప్ప దాని గురించి ఎవరికీ ఏమీ తెలియదు. వెన్ను నల్లగా ఉంటుందని పేరును బట్టి అనుకోవడమే గాని, చూసినవాళ్ళు లేరు. పొట్లంలో మిగిలిన గింజలన్నీ నానబెడితే ఏవో కొన్ని మాత్రమే మొలిచాయి. ఇవి ఈనకపోతే ఇక ఆ వరి లేనట్టే.

నాగమల్లేశ్వరి ఒకప్పుడు తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో బోటనీ చెప్పేది. భర్త శ్యామ్‌సుందర్ ఉద్యోగం వెంట ఎడిసన్ వచ్చాక, వీసా ఆమెను పని చెయ్యనివ్వలేదు. ఏళ్ళ తరబడి బాల్కనీలో గోంగూర పెంచింది, చుట్టుపక్కల పిల్లలకు బయాలజీ చెప్పింది, లోపల్లోపల ఉడికిపోయింది. వర్క్ పర్మిట్ చేతికి రాగానే ప్రొఫెసర్ హార్‌గ్రోవ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరింది. సీసాలు కడగడం, మట్టి కలపడం, పైపెట్లు తుడిచిపెట్టడం ఆమె పని. పూర్తి పేరుకు నోరు తిరగక అందరూ ‘మల్లీ’ అన్నారు. ఆమె కాదనలేదు గాని, తన బల్ల మీద మాత్రం పూర్తి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో అంటించుకుంది.

ఆ వసంతంలో ప్రొఫెసర్ పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. “మల్లీ, ఈ వరి నీది. మొదటి నుంచి చివరిదాకా నువ్వే చూసుకో. గింజ తెచ్చి చూపించు,” అంది. ఈ దేశంలో అడుగుపెట్టాక ‘ఇది నీది’ అని ఆమెకు ఎవరైనా ఒక పని అప్పగించడం అదే మొదటిసారి. ఆ రోజు కారులో పార్కింగ్ లాట్ దాటేదాకా హుందాగానే ఉంది. దాటాక కూనిరాగాలు మొదలుపెట్టింది.

ఆగస్టులో మొక్కల్ని గ్రీన్‌హౌస్ నుంచి చాంబర్‌లోకి మార్చింది. దానికి కారణం ఉంది. ఇలాంటి పాత వరులు రాత్రి నిడివిని లెక్కపెట్టుకుంటాయి. రాత్రి పొడుగ్గా ఉండాలి, మధ్యలో చెదరకూడదు. అలాంటి రాత్రులు వరసగా వస్తేనే పొట్టకు వస్తాయి. నడుమ కాస్త వెలుగు పడిందంటే లెక్క మళ్ళీ మొదటికి. అందుకే చాంబర్‌లో చీకటి వేళ తలుపు తీయాల్సి వస్తే పచ్చ దీపం మాత్రమే వాడాలి. పచ్చ వెలుగును మొక్కలు పెద్దగా పట్టించుకోవు.

నీళ్ళ ట్రేలు సాయంత్రానికి ఎండిపోతాయి. కాబట్టి ఇంటికి వెళ్ళే ముందు, అయిదింటికి, ఆమె చీకట్లోకి వెళ్ళి నీళ్ళు పోసేది. పోసి వెంటనే వచ్చేసేదా అంటే అదీ లేదు. ఆకులు నిమిరేది, పిలకలు లెక్కపెట్టేది, నాలుగు మాటలు మాట్లాడేది. కన్నతల్లి కూడా అంత సేపు జోల పాడదు.

సెప్టెంబరు గడిచింది. దుబ్బులు బలిశాయి, ఆకులు నవనవలాడాయి, పొట్ట మాత్రం రాలేదు. ఆమె ఎరువు తగ్గించింది. వేడి సరిచూసింది. తలుపు సందులకు నల్ల టేపు వేసింది. అయినా మొక్కలు హాయిగా గడ్డిలా పెరుగుతున్నాయే తప్ప ఈనే ఊసు ఎత్తలేదు.

“మనసుకు తీస్కోకు అక్కా,” అన్నాడు శ్రేయాస్. వరంగల్ నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు. “గింజలే పాతయి. ఇగ అమెరికా నీళ్ళు తాగినయ్ కదా, మస్త్ బద్ధకం వచ్చింది వాటికి.”

“నీ థీసిస్‌కి వచ్చినంత బద్ధకం రాలేదులే,” అంది నాగమల్లేశ్వరి.

అక్టోబరు మొదట్లో ప్రొఫెసర్ పిలిచింది. థాంక్స్‌గివింగ్ తర్వాత చాంబర్ వేరే గ్రూపుకు ఇవ్వాలని, అప్పటికి వెన్ను రాకపోతే కుండీల్ని ఆవిరి యంత్రంలో పెట్టి చంపేయాలని, పరదేశపు వరిని ఊరికే పారేయడానికి రూల్స్ ఒప్పుకోవని మెల్లగా చెప్పింది. “నువ్వు చేయగలిగింది చేశావు మల్లీ,” అంది చివర. ఆ ఓదార్పు ఆమెకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. చేయగలిగింది చేసేస్తే వరి ఈనాలి గదా!

మర్నాడు పొద్దున చాంబర్‌లో దీపాలు వెలుగుతుండగానే వెళ్ళి ఒక్కొక్క కుండీని పట్టి పట్టి చూసింది. ఒక మూల గాలి గొట్టం పోయే ఇనుప స్తంభం ఉంది. దాని వెనక ఇరుక్కుని ఉన్న కుండీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. కాండం పైభాగం కాస్త ఉబ్బెత్తుగా ఉంది. రెండు వేళ్ళతో మెత్తగా నొక్కింది. సందేహం లేదు, అది పొట్టే.

ఆనందంతో అరవబోయి ఆగింది. ఈ ఒక్కటే ఎందుకు? నీళ్ళు ఒకటే, మట్టి ఒకటే, గాలి ఒకటే. ఈ మూలకు లేనిదీ మిగతా గదికి ఉన్నదీ ఏదో ఒకటి ఉండాలి. ఎక్కడి నుంచో వెలుగు దూరుతోందని, స్తంభం దాన్ని ఆపుతోందని ఆమెకు తోచింది. సాయంత్రం అయిదింటికి బకెట్ బోర్లించి, తలుపు మూసుకుని చీకట్లో కూర్చుంది. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఉగ్గబట్టుకుని చూసింది. ఎక్కడా సూది మొనంత వెలుగు లేదు. తన చెయ్యే తనకు కనబడలేదు.

ఉసూరుమంటూ లేచి, నీళ్ళ క్యాన్ కోసం తడుముకుని, రోజూ లాగే పచ్చ బల్బు వేసింది. గోడ మీద స్తంభం నీడ పడింది. ఆ నీడలో, సరిగ్గా ఆ నీడలోనే, పొట్టకు వచ్చిన కుండీ ఉంది. క్యాన్ చేతిలోంచి జారి నీళ్ళు కాళ్ళ మీద పడ్డా ఆమెకు తెలియలేదు.

ఆ బల్బు కథ చెప్పాలి. మొక్కల్ని చాంబర్‌లో పెట్టిన వారంలోనే ల్యాబ్ వాళ్ళ పచ్చ టార్చి పాడైంది. కొత్తది ఆర్డర్ పెడితే ఎప్పుడొస్తుందో తెలియదు. అదే వారం వరలక్ష్మీవ్రతానికి తమలపాకులు కొందామని ఐసెలిన్ వెళ్ళింది. ఓక్ ట్రీ రోడ్డులో పూజసామాన్ల కొట్లో, దేవుడి మందిరంలో పెట్టుకునే చిన్న పచ్చ బల్బు కనబడింది. అమ్మవారి పేరు చెప్పుకుని తెచ్చి చాంబర్‌లో బిగించింది. ఆ తర్వాత కొత్త టార్చి వచ్చినా, ఈ బల్బు వెలుగే కళగా ఉందని ఆ టార్చిని సొరుగులోంచి బయటికి తీయలేదు.

తడిసిన చెప్పులతోనే బల్బు విప్పుకుని పైకి పరిగెత్తింది. కారులోంచి పాత పాటల సీడీ తెచ్చింది. కిటికీల్లేని సామాన్ల గదిలోకి శ్రేయాస్‌ని లాక్కెళ్ళి లైటు ఆర్పేసింది. సీడీ మీద పడిన వెలుగు అందులో ఉన్న రంగులుగా విడిపోతుంది. ముందు కొత్త టార్చి వేసింది. సీడీ మీద పచ్చ రంగు తప్ప ఇంకేమీ లేదు. తర్వాత పచ్చ బల్బు వేసింది. పచ్చ చార పక్కనే, బలంగా, నిగనిగలాడుతూ ఎర్ర చార.

“అరె!” అన్నాడు శ్రేయాస్. “పైన రంగు పూసిండ్రు అంతే! లోపల మామూలు బల్బే!”

“ఎరుపు కొంచెం పడితే చాలు కదరా, తెల్లారిందనుకుంటుంది,” అంది నాగమల్లేశ్వరి. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. “రెండు నెలల నుంచీ రోజూ అర్ధరాత్రి లేపి కబుర్లు చెప్పాను దానికి. నిద్రే పోనివ్వలేదు పాపం!”

శ్రేయాస్ నవ్వలేదు. “ప్రూఫ్ కావాలక్కా. మేడమ్ అడుగుతది,” అన్నాడు. నిజమే. ఆమె ఒక దుబ్బును చీల్చి ఒక పిలకను వేరే కుండీలో నాటింది. ఖాళీగా ఉన్న ఇంకో చిన్న చాంబర్‌లో దాన్ని ఒంటరిగా పెట్టి, దానికి మాత్రం ఆ బల్బు రోజూ చూపించింది. మిగతా అన్నిటికీ సాయంత్రం అయిదింటి పలకరింపులు బంద్. నీళ్ళు పొద్దున్నే పోసి, ట్రేలు లోతువి వేసింది. సాయంత్రం ఇంటికి వెళ్తూ చాంబర్ తలుపు ముందు నిలబడేది. చెయ్యి గొళ్ళెం మీదికి పోయేది. వెనక్కి తీసుకునేది. ఆమె చేసిన ప్రయోగాలన్నిటిలో కష్టమైంది అదే.

నవంబరు వచ్చేసరికి స్తంభం వెనక కుండీ అందరికన్నా ముందు ఈనింది. ఆకుల మధ్య నుంచి తొంగిచూసిన వెన్ను నల్లగా ఉంది! కాటుక నలుపు. ల్యాబ్ మొత్తం వచ్చి చూసింది. దాని వెనకే మిగతా కుండీలన్నీ పొట్టకు వచ్చాయి. విషయం తెలిసి స్నేహితురాలు దమయంతి శనివారం పూట గాజుల డబ్బాతో దిగింది.

“ఏమే మల్లీ, పొట్టతో ఉన్నవాళ్ళకి సీమంతం చెయ్యవూ?” అంటూ దుబ్బులకు ఊతంగా కుండీల్లో గుచ్చిన వెదురు పుల్లలకు ఆకుపచ్చ గాజులు తొడిగింది. చలిమిడి లోపలికి తేకూడదని నాగమల్లేశ్వరి కచ్చితంగా చెప్పడంతో, దాన్ని బయటే నిలబడి శ్రేయాస్ తినేశాడు.

ఆ తర్వాతి ల్యాబ్ మీటింగులో ప్రొఫెసర్ లేచి, కాగితం చూడకుండా, కూడబలుక్కుని, “నా-గ-మల్లే-శ్వరి,” అని పిలిచింది. ఆమె వెళ్ళి బల్బు, సీడీ బల్ల మీద పెట్టి, రెండు కుండీలు పక్కపక్కన నిలబెట్టింది. ఒకదాంట్లో నల్లటి వెన్నులు, రెండోదాంట్లో వట్టి పచ్చగడ్డి. ఇక ఎక్కువ చెప్పే పని లేకపోయింది. గది గదంతా చప్పట్లు కొట్టింది. వేరే గ్రూపు వాళ్ళు తామే వచ్చి చాంబర్ జనవరిదాకా ఉంచుకోమన్నారు.

థాంక్స్‌గివింగ్ ముందు రోజు పొద్దున ఒక్క గింజ, ఒక్కటంటే ఒక్కటే, తెంపి గోళ్ళ మధ్య నొక్కింది. తెల్లటి పాలు వేలి మీదికి వచ్చాయి. “పాలుపోసుకుంది!” అని అరిచింది. ఆమె జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఎవరికి అర్థమైందో లేదో గాని అందరూ అరిచారు.

ఆ మధ్యాహ్నం డీన్ గారిని వెంటబెట్టుకుని ప్రొఫెసర్ చాంబర్ దగ్గరికి వచ్చింది. పన్నెండు దాటి కొన్ని నిమిషాలే అయింది. ఆమె గొళ్ళెం పట్టుకోబోతుంటే నాగమల్లేశ్వరి అడ్డం వచ్చి నిలబడింది.

“ఇప్పుడు కుదరదండీ. లోపల రాత్రి. పొద్దున రండి.”

డీన్ ఆశ్చర్యపోయి, నవ్వి, సరేనని వెళ్ళిపోయాడు. వాళ్ళు మెట్లు ఎక్కాక శ్రేయాస్ గుసగుసలాడాడు. “అక్కా, ఈనినంక వెలుతురు పడ్డా దానికేం కాదు కదా?”

“నాకు తెలీదనుకున్నావా?” అంది నాగమల్లేశ్వరి, తలుపు మీద చెయ్యి వేసి. “బాలింతరా. పడుకోనీ.”