నేను కూర్చుంటేనే రీస్టార్ట్

మా తోటికోడలు పోయిందని ఫోను వచ్చిన వేళకి నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఆవిడ కోసమే వచ్చాడు. పామర్రులో ఎరువుల కొట్టు ఆయనది. కంప్యూటరు దానంతటదే ఆగిపోయి మళ్ళీ మొదలవుతోందనీ, రెండు రోజులుగా బిల్లులు కొట్టలేకపోతున్నాననీ చెప్పి, "పెద్దమ్మగారు లేరాండీ?" అని అడిగాడు. నేనున్నానుగా, చెప్పండి అన్నాను. "అబ్బే, ఆవిడొచ్చాకే వస్తాను లెండి" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. సరిగ్గా అప్పుడే బావగారు ఫోను చేశారు. నాగాయలంకలో తమ్ముడి ఇంటికి వెళ్ళిన మనిషి మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిందట. మళ్ళీ లేవలేదట.

ఫోను పెట్టేసి ఆయనకి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. బందరులో నేనీ కంప్యూటర్ సెంటరు పెట్టి పదిహేనేళ్ళయింది. నా పేరు విని ఇంతవరకూ ఎవరూ లేచి నిలబడలేదు. అప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, అసూయ. ఆ మాట ఒప్పుకోకుండా ఆవిడ గురించి ఈ నాలుగు ముక్కలు రాసే అర్హత నాకు లేదు. ఏడుపు కారులో చల్లపల్లి దాటాక వచ్చింది.

ఆవిడ మా ఇంటి పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. ఆవిడ దివిసీమ పిల్ల. పదో తరగతితో చదువు ఆపించారు. నేను గుడివాడలో పుట్టి, ఎం.సి.ఏ. చదివి, ఆ పట్టాకి అద్దం కట్టించి సెంటరు గోడకి తగిలించుకున్నదాన్ని. ఇంట్లో మిక్సీ మూలిగినా, కుట్టుమిషను దారం తెంపుతున్నా, గ్యాసు పొయ్యి సరిగా మండకపోయినా ఆవిడే చూసేది. అందులో నాకు పేచీ లేదు. కంప్యూటరు మాత్రం నాది. చుట్టాలెవరొచ్చినా అత్తయ్యగారు, "వంటకి పెద్దమ్మాయి, కంప్యూటర్లకి చిన్నమ్మాయి" అని చెప్పేవారు. వంట ఆవిడ నాకంటే బాగా చేస్తుందని నాకూ తెలుసు. పోనీలే, రెండోదాంట్లో నేనున్నానుగా అనుకునేదాన్ని.

ఏడెనిమిదేళ్ళ కిందట దసరా వెళ్ళిన వారంలో నా మెయిన్ సిస్టం రీస్టార్ట్ అవడం మొదలుపెట్టింది. పండక్కి సిస్టములన్నిటికీ బొట్లు పెట్టి, పూజ చేసి, హారతి ఇచ్చి నాలుగు రోజులు కాలేదు. టీచరు ఉద్యోగాల దరఖాస్తులకి అదే ఆఖరి వారం. స్కానరు తగిలించి ఉన్నది ఆ సిస్టముకే, మిగతా రెండూ పాతవి. ఫారం సగం నింపేసరికి తెర నల్లబడేది, మళ్ళీ మొదట్నించీ వచ్చేది. వైరస్ అనుకుని మొత్తం ఫార్మాట్ చేశాను. ర్యామ్ పీకి రబ్బరుతో తుడిచి పెట్టాను. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ మార్చాను. ప్రాసెసర్ మీద పేస్టు కొత్తది పూశాను. అయినా అదే తంతు.

మర్నాటితో గడువు అయిపోతుందనగా పెదపారుపూడి నుంచి ఒకమ్మాయి వచ్చింది. నాలుగుసార్లు ఆమె ఫారం నింపాను, నాలుగుసార్లూ ఫొటో ఎక్కించే దగ్గర పోయింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెనక నిలబడ్డవాళ్ళలో ఒకాయన, "మనం వేరే సెంటరు చూసుకుందాం పదండ్రా" అన్నాడు. సరిగ్గా ఆ సమయానికి నాకు అన్నం క్యారియరు తీసుకుని మా అక్కయ్య వచ్చింది. ఆవిడని నేను అలాగే పిలిచేదాన్ని.

క్యారియరు కింద పెట్టి, గోడవారగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆవిడ అలవాటే అంత, ఏ వస్తువునీ వచ్చీ రాగానే ముట్టుకోదు. కాసేపు చూసి, "ఇది చెడిపోక ముందు ఏం చేశావమ్మాయ్?" అని అడిగింది. చెడిపోయాక నేను చేసినవన్నీ ఏకరువు పెట్టాను. "అవి కాదు. చెడిపోయాక ఏం చేశావో నాకొద్దు. చెడిపోక ముందు ఏం చేశావో చెప్పు" అంది. ఏమీ చెయ్యలేదన్నాను. 

ఇంకో పది నిమిషాలు చూసి, అందరి ముందూ అంది కదా, "నువ్వు కూర్చుంటేనే ఆగుతోందమ్మాయ్. నువ్వు లేచి ఎవరితోనన్నా మాట్లాడుతున్నంతసేపూ బానే ఉంటోంది."

నా తల కొట్టేసినట్టయింది. 

"నన్ను చూసి భయపడుతోందా అక్కయ్యా?" అన్నాను వెటకారంగా.

"భయం కాదు, నీ మోకాలు తగులుతోంది. ఏదీ, ఒకసారి కూర్చో. లే. మళ్ళీ కూర్చో."

క్లాసులో గుంజీలు తీసే పిల్లలా జనం ముందు లేచాను, కూర్చున్నాను. మూడోసారికి టేబులు కిందున్న సీపీయూకి నా మోకాలు తగిలింది, తెర నల్లబడింది. ఆవిడ గాజులు తీసి స్టూలు మీద పెట్టి, కొంగు దోపుకుని కింద చతికిలబడింది. గాజులకి ఎప్పుడూ ఉండే పిన్నీసుల్లోంచి ఒకటి తీసి, రీస్టార్ట్ బటన్ చుట్టూ గీకింది. బటన్ సగం లోపలికి వెళ్ళి అతుక్కుపోయి ఉంది. గోరు మీద ముందు ఎర్రటి పొడి, తర్వాత పసుపు రంగు పొడి రాలాయి.

అప్పటిగ్గాని నాకు గుర్తురాలేదు. ఆయుధపూజ నాడు ఆ చిన్న బటన్ బొట్టు కోసమే చేసినట్టు గుండ్రంగా కనబడితే, తడి పసుపు దిట్టంగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది నేనే. మర్నాడు తడిగుడ్డతో తుడిచిందీ నేనే. పైన పోయింది, సందులోది ఎండి గట్టిపడింది. ఎం.సి.ఏ. చదివిన నేను విండోస్ మొత్తం చెరిపేశాను గాని, నా చేత్తో పెట్టిన బొట్టు సంగతి ఆలోచించలేదు.

ఆవిడ గోరు చూసుకుంది, నన్ను చూసింది. ఊఫ్ అని పొడి ఊదేసి, వేలు కొంగుకి తుడుచుకుని జనం వైపు తిరిగింది. "సముద్రం గాలండీ. ఉప్పుకి బటన్ పట్టేసింది. మన బందరులో ఇనుపగేట్లే ఆగవు, ఇదెంత?" అంది. అందరూ నిజమేనన్నారు. "ఈ బటన్‌తో నీకు పనుందా?" అని నన్నడిగింది. లేదన్నాను. దాని వైరు ఎక్కడుందో చూపించమంది, చూపించాను, ఆవిడే పీకేసింది. తర్వాత సంచీలోంచి స్టిక్కర్ బొట్ల అట్ట తీసి, మెరూన్ రంగుది ఒకటి ఆ బటన్ మీద అంటించింది. నా చెవి దగ్గరకొచ్చి, "వచ్చే దసరాకి దీనికి బొట్టుంది. తడిది పెట్టకు" అంది, నాకు మాత్రమే వినబడేలా. పెదపారుపూడి అమ్మాయి ఫారం పావుగంటలో వెళ్ళిపోయింది.

నా పరువు కాపాడింది. దానికి నేను చేసిందేమిటంటే, ఆవిడ మీద కక్ష పెంచుకున్నాను. తిట్టినా బాగుండేది, ఇంట్లో నలుగురికీ చెప్పి నవ్వినా బాగుండేది. నోరు మెదపకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు వరసలో నిలబడ్డవాళ్ళు ఊరుకోలేదు. నెల తిరిగేసరికి ఒక వకీలుగారి ఆఫీసు నుంచి, ఆసుపత్రుల నుంచి, మంగినపూడిలో రొయ్యల వ్యాపారి దగ్గర్నించి, "మీ తోటికోడలు గారిని ఒకసారి పంపిస్తారా?" అని నాకే ఫోన్లు. అన్నిటికంటే మా అమ్మ ఫోను చేసినప్పుడు నాకు కడుపు రగిలిపోయింది. గుడివాడలో మా తమ్ముడి కంప్యూటరు రీస్టార్ట్ అవుతోందట, "మీ అక్కయ్యని పంపవే" అంది సొంత కూతురితో. ఆవిడ వెళ్ళి మజ్జిగ అడిగి తాగి, అరగంట కూర్చుని చూసి, ఎయిర్ కూలరూ కంప్యూటరూ ఒకే ప్లగ్గుకి పెట్టారు, కూలరు మొదలైనప్పుడల్లా ఇది ఆగుతోందని చెప్పిందట. మా అమ్మ ఆవిడకి పెద్ద సీసాడు ఆవకాయ ఇచ్చి పంపింది. ఆవిడ దాంట్లో సగం తెచ్చి నాకిచ్చింది. మా అమ్మ చేతి ఆవకాయ ఆవిడ చేతి మీదుగా తినాల్సి వచ్చింది.

ఒకసారి, "లోపల ఏది ఏమిటో నాకు చెప్పమ్మాయ్" అని అడిగింది. అర్థం కాకూడదని కావాలనే గబగబా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ అన్నీ ఓపిగ్గా విని, తన పేర్లు తను పెట్టుకుంది. ప్రాసెసర్ పొయ్యి, దాని మీద ఫ్యాను విసనకర్ర. ర్యామ్ పలక, ఎందుకంటే కరెంటు పోతే రాసిందంతా చెరిగిపోతుంది. హార్డ్ డిస్క్ బీరువా. నేను ఇంటికి వెళ్ళి మా ఆయనకి చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు, "బానే ఉన్నాయిగా" అన్నారు. తర్వాత కొన్నాళ్ళకి, డిగ్రీ పిల్లలకి క్లాసు చెబుతూ ర్యామ్ అంటే పలక అనుకోండి అన్నాను. పిల్లల మొహాలు వెలిగాయి. మేడం భలే చెప్పారు అన్నారు. ఆ మాట ఎవరిదో నేను చెప్పలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక హాల్లో అందరం కూర్చున్నాం. "పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది, అదృష్టవంతురాలు" అన్నారు అత్తయ్యగారు. అందులోనూ ఆవిడే నాకంటే ముందు అనిపించింది, ఏం చెయ్యను, నా బుద్ధి అది. ఒక బంధువు సముద్రం గాలి కథ ఎత్తుకున్నాడు. పెద్ద చదువులు చదివిన నాకు తెలియంది ఆవిడ ఎలా పట్టుకుందో వర్ణిస్తున్నాడు. 

"సముద్రం గాలి కాదు. నేను పెట్టిన కుంకుమ. అక్కయ్య నాకోసం అబద్ధం చెప్పింది" అన్నాను.

అత్తయ్యగారు కళ్ళొత్తుకుని, "ఇన్నేళ్ళూ ఒక్క ఇంట్లో ఉండి, నాతో కూడా అనలేదు చూశావా" అన్నారు. ఇక అందరూ ఆవిడ గుండె ఎంత పెద్దదో చెప్పుకోవడం మొదలుపెట్టారు. అన్నేళ్ళు దాచిన నిజం బయటపెట్టింది నేను, మార్కులు పడ్డాయి ఆవిడకి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లేచి పెరట్లోకి వెళ్ళాను.

ఆ మర్నాడు పామర్రు వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. ఇంకా చేత్తోనే బిల్లులు రాస్తున్న ఎరువుల కొట్టాయన మొహమాటంగా కుర్చీ చూపించాడు. నేను సీపీయూ ముట్టుకోలేదు. మజ్జిగ అడిగాను. కూర్చుని చూశాను. "ఇది చెడిపోక ముందు ఏం చేశారండీ?" అని అడిగాను. ఆయన ఆలోచించి, కొత్త బస్తాలకి చోటు చాలక టేబులు ఒక జానెడు జరిపించామన్నాడు. వైరు బిగుసుకుపోయి, గోడ దగ్గర ప్లగ్గు సగం ఊడి వేలాడుతోంది. ఎవరు తలుపు గట్టిగా వేసినా అది కదులుతోంది. టేబులు వెనక్కి జరిపించి ప్లగ్గు బిగించాను.

"పెద్దమ్మగారి దగ్గర నేర్చుకున్నారాండీ?" అన్నాడాయన.

గోడ మీద నా పట్టా గుర్తొచ్చింది. "అవునండీ, ఆవిడ దగ్గరే" అన్నాను. ఆవిడ ఉండగా ఒక్కసారి అని ఉంటే ఎంత సంతోషపడేదో.

ఆ పాత మెయిన్ సిస్టం ఇంకా నా టేబులు కిందే ఉంది. మొన్న ఊడుస్తూ పనమ్మాయి, "మేడం, ఈ బొట్టు వెలిసిపోయింది, పీకెయ్యనా?" అంది. వద్దన్నాను. ఒక అంచు లేచి, దుమ్ము పట్టి ఉంది. రోజూ పొద్దున్నే సెంటరు తెరిచి, కుర్చీలో కూర్చునే ముందు వంగి, ఆ అంచుని బొటనవేలితో ఒకసారి నొక్కుతాను. కింద బటన్ కూడా లోపలికి వెళ్తుంది. వైరు ఆవిడ ఏనాడో పీకేసింది, ఏమీ అవదు.